ఇంటిల్లిపాదీ నలుపు తెలుపు భూతాలుగా: హాలోవీన్ వేషాలకు సలహాలు కావాలి

నూజివీడు_రసం
పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ చాక్లెట్లకు వెళ్లే హాలోవీన్ రాత్రికి ఈసారి ఇంట్లో అందరం పాత సినిమా భూతాలుగా తయారు కావాలని మా పదేళ్లవాడు తీర్మానం చేసేశాడు. వాడు ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, మావారు డ్రాక్యులా, ఐదేళ్ల పాప మమ్మీ, నేను ఆ భూతానికి కట్టబెట్టబోయిన పెళ్లికూతురు. ఊరి నుంచి వచ్చిన మామగారు తనకూ ఏదో ఒక వేషం ఇవ్వాల్సిందేనని కూర్చున్నారు.

దుకాణానికి వెళ్తే అన్నీ సంచుల్లో మడిచిపెట్టిన వేషాలే. ఒక్కొక్కటి 40 డాలర్లకు పైమాటే. భూతం కోటు చూశాను. ముందువైపు మాత్రమే కోటు, వెనకంతా దోమతెర లాంటి గుడ్డ, మెడ దగ్గర వెల్క్రో. గుండీలు కూడా గుడ్డ మీద అచ్చు వేసిన బొమ్మలే! ఇంతమందికి ఇంత డబ్బు పోసి ఈ చెత్త కొనబుద్ధి కాలేదు.

కుట్టు మిషను ఉంది, కొద్దో గొప్పో కుట్టగలను. ముఖాలకు రంగులంటేనే భయం. మా చామనఛాయ మీద తెల్ల రంగు పూస్తే తెలుపు రాదు, బూడిద రంగు తేలుతుంది. న్యూజెర్సీలో ఉంటాం. చేసినవాళ్లు చెప్పండి.

రంగులపెట్టె
బూడిద రంగు తేలితే తేలనివ్వండి. మీరు ఎంచుకున్నవన్నీ నలుపు తెలుపు సినిమాలే కదా. ముఖాలు, బట్టలు, జుట్టు అన్నీ నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే ఉంచండి. ఎర్రటి పెదవి కానీ ఆకుపచ్చ బుగ్గ కానీ ఎక్కడా కనిపించకూడదు. ఓసారి మా ఆఫీసుకు ఒక జంట ఇలాగే వచ్చారు. ఫోటో తీసినవాళ్లలో ఒకాయన ఫోను సెట్టింగులు మారిపోయాయేమోనని వెతుక్కున్నాడు.

మన ఛాయ మీద తెలుపుతో వచ్చే చిక్కు తెలిసిందే. పలచగా పూస్తే కింది రంగు తొంగి చూస్తుంది, మందంగా పూస్తే నవ్వగానే పగులుతుంది. బూడిద రంగుకు ఆ బాధ లేదు. నీళ్లతో కలిపే ముఖపు రంగుల్లో తెలుపు, నలుపు కొని, మీ ఛాయకు దగ్గరి చిక్కదనంలో కలుపుకోండి. తడి స్పాంజితో అద్దాలి, రుద్దితే చారలు పడతాయి. కనురెప్పలు, చెవుల వెనక, మెడ మరిచిపోవద్దు. పెదవులకు ముదురు బూడిద. చేతులకు మాత్రం రంగు వేయకండి. పిల్లలు చాక్లెట్లు తింటూ నాకేస్తారు. బూడిద రంగు చేతి తొడుగులు చాలు.

అటకమీదిపిల్లి
మామగారికి రంగు కొనడం కూడా దండగే. విభూతి ఇంట్లోనే ఉంటుంది.

నూజివీడు_రసం
పిల్లి గారూ, ఆయన పక్కనే కూర్చుని చదువుతున్నారు. నవ్వుతున్నారు కాబట్టి బతికిపోయారు.

చెమట_డాలస్
రంగులపెట్టె గారి ఆలోచన ఫోటోలో బాగుంటుంది, వీధిలో తేలిపోతుంది. ఫ్రాంకెన్‌స్టైన్ భూతం ఆకుపచ్చగా లేకపోతే ఆ పిల్లవాడి స్నేహితులు గుర్తుపట్టరు. ఇంటింటి దగ్గరా ‘నువ్వెవరు బాబూ’ అని అడిగించుకోవాల్సి వస్తుంది. పిల్లలకు ఆకుపచ్చే. మేము వేసినప్పుడు అలాగే వేశాం.

పాతరీలు
భూతాన్ని గుర్తుపట్టించేది రంగు కాదు, తల ఆకారం. 1931 సినిమాకు మేకప్ చేసిన జాక్ పియర్స్ ఒక లెక్క వేసుకున్నాడు. ఆ శాస్త్రవేత్త వైద్యం బాగా వచ్చినవాడేమీ కాదు, కాబట్టి మెదడు పెట్టడానికి పుర్రెను డబ్బా మూతలా అడ్డంగా కోసి, మళ్లీ మూసి బిగించి ఉంటాడని. అందుకే ఆ పైభాగం బల్లపరుపుగా ఉంటుంది, నుదుటి మీద కుట్లుంటాయి. మెడకు అటూ ఇటూ ఉన్నవి బోల్టులు కావు, కరెంటు ఎక్కించడానికి పెట్టిన ఎలక్ట్రోడ్లు.

కనురెప్పలు బరువుగా వాలినట్టు కనిపించాలని ఆ భూతం వేషం వేసిన బోరిస్ కార్లాఫే మైనం పెట్టమని అడిగాడంటారు. తన కట్టుడు పన్ను తీసేసి ఒక బుగ్గ లోపలికి పోయేలా చేసుకున్నాడు. కోటు చేతులు పొట్టిగా కత్తిరించారు, దాంతో చేతులు మరీ పొడుగ్గా కనిపిస్తాయి. ఇది మీకు పైసా ఖర్చు లేని కిటుకు. వాడిన బట్టల దుకాణంలో బాబుకు ఒక సైజు చిన్నదైన నల్ల కోటు కొనండి. మణికట్లు బయటికి రావాలి.

ఇక రంగు. పియర్స్ వాడింది బూడిద కలిసిన ఆకుపచ్చ. నలుపు తెలుపు ఫిల్ము మీద అది శవం పాలిపోయినట్టు పడుతుందని. తర్వాత వచ్చిన బొమ్మలు, మాస్కులు ఆ ఆకుపచ్చనే పట్టుకుని ఊరేగాయి. 1818లో మేరీ షెల్లీ నవలలో రాసింది పసుపుపచ్చ చర్మం.

చెమట_డాలస్
అంటే సెట్టులో ఆయన ముఖం ఆకుపచ్చే కదా! నేనే గెలిచాను.

పాతరీలు
సెట్టులో నిలబడి చూసినవాళ్ల లెక్కలో మీరు గెలిచారు. టికెట్టు కొన్నవాళ్ల లెక్కలో ఓడారు.

అటకమీదిపిల్లి
పసుపు మాట వచ్చింది కాబట్టి ఇంట్లో ఉన్న పసుపు రాస్తే నవల ప్రకారం సరిపోతుంది. పెళ్లికూతురు ఎలాగూ ఉంది. ఇద్దరికీ నలుగు పెట్టి పంపించండి.

కుట్టుమిషను
నవ్వులాట అయ్యాక అసలు పనికి రండి. పాప మమ్మీ వేషం గురించి ఎవరూ మాట్లాడలేదు.

టాయిలెట్ పేపరు చుట్టేవాళ్ల మాట వినకండి, మూడో ఇంటికల్లా చిరిగి వీధిపాలవుతుంది. బ్యాండేజీ చుట్టలు కొంటే ఖర్చు, పైగా కూర్చోగానే జారిపోతాయి. మామగారి పాత నూలు పంచె ఒకటి అడిగి తీసుకోండి. నూలుదే అయి ఉండాలి, పాలియెస్టరు కలిస్తే రంగు పట్టదు. అంచు తీసేసి, చివర కత్తెరతో కొద్దిగా గాటు పెట్టి, రెండు అంగుళాల వెడల్పున చేత్తో చించండి. కత్తిరిస్తే అంచులు నున్నగా ఉండి కొత్త రిబ్బనులా కనిపిస్తాయి, చించితే దారాలు లేస్తాయి, మనకు కావలసిందదే. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి గుప్పెడు టీ పొడి వేసి, వడగట్టి, ఆ డికాక్షనులో పీలికలన్నీ ఉండచుట్టి ముంచండి. ఉండలోని మడతల్లో రంగు ఎక్కువ తక్కువలుగా పడుతుంది. గంట తర్వాత తీసి పిండకుండా ఆరేయండి.

తర్వాత ఒంటికి చుట్టకూడదు! పాప చలికి వేసుకునే తెల్లటి లోపలి చొక్కా, ప్యాంటు తీసుకుని వాటి మీద పీలికలు పరిచి అక్కడక్కడ టాకాలు వేయండి. ప్యాంటు నడుము దగ్గర కుట్టకండి. ఐదేళ్ల పిల్ల, బాత్రూముకు వెళ్లాలి కదా. కొన్ని కొసలు వేలాడనివ్వవచ్చు, మోకాలు దాటి మాత్రం వద్దు, కాళ్లకు చుట్టుకుంటాయి.

నూజివీడు_రసం
కుట్టుమిషను గారూ, చాలా థాంక్స్. పంచె సంగతి అడిగితే ‘అంచు మాత్రం దాచిపెట్టమ్మా’ అన్నారు. కానీ టీ రంగు వేస్తే నలుపు తెలుపు ఆలోచన చెడిపోదా?

కుట్టుమిషను
చెడిపోతుంది. ఆ బూడిద పథకానికి నా ఓటు లేదు, అందుకే టీ చెప్పాను. మీరు అదే పట్టు పట్టి ఉంటే టీ బదులు నీళ్లలో కొద్దిగా నల్ల రంగు కలపండి.

రంగులపెట్టె
ఓటు లేకపోయినా ఉపాయం చెప్పారు. గొప్పవారు.

పాతరీలు
మమ్మీ విషయంలో ఇంకో మాట. 1932 సినిమాలో కార్లాఫ్ కట్లతో కనిపించేది మొదట్లో కాసేపే. ఆ కాసేపటికి ఎనిమిది గంటల మేకప్పు. ఆ తర్వాత సినిమా అంతా పొడుగు అంగీ, ఎత్తైన టోపీ, ముడతలు పడిన ముఖంతో తిరుగుతాడు. 1922లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి బయటపడిన తర్వాత పత్రికలన్నీ శాపాల కథలతో ఊదరగొట్టాయి. ఆ వేడిలోంచి పుట్టిన కథ ఇది. మీ మామగారికి ఆ రెండో రూపం ఇచ్చి చూడండి. మనవరాలు కట్లలో, తాతగారు అంగీలో. ఇద్దరూ ఒకే మమ్మీ.

చలిపులి_చికాగో
అందరూ రంగుల గురించి, గుడ్డల గురించి చెబుతున్నారు. చలి సంగతి ఎవరు చెబుతారు? అక్టోబరు 31 రాత్రి మా ఊళ్లో ఎంత కష్టపడి తయారు చేసిన వేషమైనా చివరికి పైన ఉబ్బెత్తు చలికోటు పడాల్సిందే. యువరాణి, పులి, వ్యోమగామి అందరూ ఒకే నీలం కోటులో తిరుగుతారు. న్యూజెర్సీ అంత ఘోరం కాకపోవచ్చు, అయినా వేషాన్ని చలి బట్టల మీదే కట్టండి. కుట్టుమిషను గారు చెప్పిన మమ్మీ ఆ లెక్కన భేష్. భూతం కోటు ఒక సైజు చిన్నది కొనమన్నారు పాతరీలు గారు, మరి దాని లోపల స్వెట్టరు పడుతుందా?

పాతరీలు
ఆ సినిమాలోనూ కోటు కింద ఒళ్లు లావుగా కనిపించడానికి మెత్తలు కట్టారు. స్వెట్టరు వేసి చూసి, దాని మీదికి సరిపోయే కోటు కొని, చేతులు మాత్రం కత్తిరించండి. మీరు చెప్పింది సబబే.

చెమట_డాలస్
మా దగ్గర అదే రోజు చెమటలు పడతాయి. తోడేలు మనిషి వేషం వేసినవాళ్లను చూస్తే జాలేస్తుంది.

నూజివీడు_రసం
బాబు తల సంగతి? బల్లపరుపుగా రావాలంటే అట్టముక్క పెట్టాలా?

కుట్టుమిషను
అట్ట వద్దు, మంచు పడితే మెత్తబడుతుంది. చేతిపనుల దుకాణంలో పలచటి ఫోము షీట్లు దొరుకుతాయి, నలుపు తీసుకోండి. వాడి నల్ల ఉన్ని టోపీ చుట్టూ నాలుగు అంగుళాల ఎత్తున ఫోము పట్టీ చుట్టి, పైన మూత అతికించండి. పట్టీ ముందువైపు అంచును రంపపు పళ్లలా కత్తిరించి నుదుటి మీదికి దించితే అదే జుట్టు. టోపీకి, చర్మానికి మధ్య గీత కూడా దాని కింద దాగిపోతుంది. ఇలా చేస్తే జిగురు వాడి తల దగ్గరికే రాదు. ఎలక్ట్రోడ్లకు సీసా బిరడాలు రెండు, వెండి రంగు వేసి, నల్ల ఎలాస్టిక్‌కు కుట్టి మెడకు పెట్టండి. ఎలాస్టిక్ వదులుగా ఉండాలి, ఎక్కడైనా తట్టుకుంటే ఊడిపోవాలి. మెడకు అతికించడాలు వద్దు.

నూజివీడు_రసం
బాగుంది. మావారు ఎర్ర కళ్ల లెన్సులు, కోరపళ్లు ఆర్డరు చేస్తానంటున్నారు. లెన్సులు 20 డాలర్లకే వస్తున్నాయట.

కంటిపాప
ఆగండి. కంటి పరీక్షలు నా వృత్తి కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. రంగు లెన్సులు చూపుకు కాకుండా అలంకారానికే అయినా అమెరికాలో వాటిని వైద్య పరికరంగానే లెక్కిస్తారు. ప్రిస్క్రిప్షన్ అడగకుండా అమ్మడం చట్టవిరుద్ధం. కంటి గుండ్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. సరిపోని లెన్సు నల్లగుడ్డు మీద గీసుకుపోతే పుండు పడుతుంది, ముదిరితే చూపే పోవచ్చు. ప్రతి నవంబరు మొదటి వారంలో ఎర్రబడ్డ కళ్లతో కొందరు వస్తూనే ఉంటారు. కావాలంటే పరీక్ష చేయించుకుని కొలత ప్రకారం తెప్పించుకోమనండి.

పాతరీలు
కంటిపాప గారి మాటకు సినిమా సాక్ష్యం కూడా ఉంది. 1931లో డ్రాక్యులాగా వేసిన బెలా లుగోసీ కళ్లకు లెన్సులూ లేవు, నోట్లో కోరలూ లేవు. ఆ సినిమా మొత్తంలో డ్రాక్యులా కోరపళ్లు ఒక్కసారి కూడా కనిపించవు. కళ్ల మీద మాత్రం సన్నటి వెలుగు పడేలా లైటు పెట్టారు. ఎర్రటి కళ్లు, రక్తం కారే కోరలు 1958లో క్రిస్టఫర్ లీతో జనం మనసుల్లో స్థిరపడ్డాయి, అది రంగుల సినిమా.

కాబట్టి మీ ఆయనకు కావలసింది ఏమిటంటే, నల్ల సూటు, తెల్ల వెయిస్ట్‌కోటు, తెల్ల బో, మెడలో రిబ్బనుకు వేలాడే పతకం, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. పెద్ద కాలరున్న నల్లటి పైవస్త్రం. లుగోసీ 1927లోనే బ్రాడ్‌వే నాటకంలో ఈ వేషం కట్టాడు. 1956లో పోయినప్పుడు డ్రాక్యులా దుస్తుల్లోనే ఖననం చేశారు.

నాటకాలరాయుడు
ఆ కాలరు సంగతి నేను చెబుతాను. నిలువు కాలరు అందం కోసం వచ్చింది కాదు, 1924లో ఇంగ్లండులో హామిల్టన్ డీన్ వేసిన నాటకంలో అవసరం కోసం పుట్టింది. డ్రాక్యులా ప్రేక్షకులకు వీపు చూపించి నిలబడితే, ఆ కాలరు తల వెనక భాగాన్ని కప్పేస్తుంది. మిగతా పాత్రలు పైవస్త్రాన్ని పట్టుకుని ఉంటారు, నటుడు కింద తలుపు తెరుచుకుని జారిపోతాడు. చేతుల్లో గుడ్డ మిగులుతుంది, మనిషి ఉండడు. సురభి వాళ్ల మాయాబజారు చూసినవాళ్లకు ఈ తరహా పని కొత్త కాదు. హైదరాబాదులో వాళ్ల నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ని, అందుకే చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంట్లో చేసేటప్పుడు కాలరు లోపల గట్టి బక్రం వేసి కుట్టండి. ఇస్త్రీతో అతికే రకం దొరుకుతుంది. అది లేకపోతే కాలరు పది నిమిషాల్లో మెడ మీద పడుకుంటుంది.

చెమట_డాలస్
లోపలి గుడ్డ ఎరుపే వేయాలి మరి. అది కూడా బూడిదేనా?

రంగులపెట్టె
బూడిదే! మెరిసే శాటిన్ బూడిద వేస్తే ఇంకా బాగుంటుంది.

చెమట_డాలస్
ఈ కుటుంబానికి రక్తం కూడా బూడిదే కాబోలు.

పాతరీలు
నలుపు తెలుపు సినిమాలో రక్తం అంటే చాక్లెట్ సిరపే. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లోని స్నానాల గది దృశ్యంలోనూ, 1968లో రొమేరో తీసిన జాంబీల సినిమాలోనూ అదే వాడారు. ముఖం బూడిదగా ఉన్నప్పుడు మూతి పక్కన చాక్లెట్ సిరపు గీత సరిగ్గా అతుకుతుంది. పిల్లలు నాకేసినా ప్రమాదం లేదు. బడికి వెళ్లేటప్పుడు మాత్రం చూసుకోండి, చాలా బడుల్లో రక్తం, మాస్కులు, ఉత్తుత్తి ఆయుధాలు వద్దంటారు.

నూజివీడు_రసం
చాక్లెట్ రక్తం అనగానే బాబు బూడిద పక్షానికి ఓటు వేసేశాడు. డాలస్ గారూ, క్షమించాలి.

ఇక నా తల మిగిలింది. జుట్టు నడుము దాకా ఉంది. ఆ పెళ్లికూతురి జుట్టు ఎలా నిలబెట్టాలి?

రంగులపెట్టె
అంత జుట్టుంటే విగ్గు కొనడం పాపం. 1935 సినిమాలో ఎల్సా లాంచెస్టర్ సొంత జుట్టునే తీగ చట్రం మీద దువ్వి నిలబెట్టారు. ఈజిప్టు రాణి నెఫర్‌టీటీ శిల్పంలోని శిరోభూషణమే దానికి ప్రేరణ. ముందు రోజే తలస్నానం చేయండి, ఆ రోజు నూనె చుక్క కూడా తగలకూడదు. పలచటి ప్లాస్టిక్ వలను గొట్టంలా చుట్టి, అంచులకు గుడ్డ కుట్టి, నడినెత్తి మీద పిన్నులతో బిగించండి. జుట్టు పాయలుగా తీసి, కుదుళ్ల వైపు దువ్వి చిక్కుపరిచి, వల మీదికి ఎక్కించి స్ప్రే కొట్టండి. రెండు కణతల నుంచి మెరుపు గీతల్లా పైకి వెళ్లే తెల్ల చారలు నీటి రంగుతో వేయవచ్చు.

కుట్టుమిషను
నడుము దాకా ఉన్న జుట్టును అలా చిక్కుపరిస్తే మర్నాడు విడదీసేది ఎవరు? రంగులపెట్టె గారు న్యూజెర్సీ వస్తారా? జుట్టును ముడి వేసి లోపల దాచి, వల మీద రెండు మూడు నల్ల సవరాలు పరిచి కుట్టేయండి. తెల్ల చారలకు తెల్ల ఉన్ని దారం. టోపీలా పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. కారులో కూర్చునేటప్పుడు ఎలాగూ తీయాలి, పైకప్పు తగులుతుంది.

రంగులపెట్టె
సవరం ఆలోచన నాకు రాలేదు. దానికే నా ఓటు.

పాతరీలు
ఒక్క మాట. ఆ పెళ్లికూతురు తెర మీద కనిపించేది చివరి కొద్ది నిమిషాలే, ఒక్క మాట కూడా మాట్లాడదు. బుసకొట్టడం, అరవడమే. ఆ బుస లండన్ పార్కులో హంసలను చూసి నేర్చుకున్నానని లాంచెస్టర్ చెప్పుకుంది. మీరూ ఆ సాయంత్రం మాటలు మానేసి బుసకొట్టండి, వేషం పూర్తవుతుంది.

అటకమీదిపిల్లి
నూజివీడు_రసం గారి భర్తకు ఆ తేడా తెలుస్తుందంటారా?

నూజివీడు_రసం
ఆయన ఈ చర్చ చదవడం లేదు కాబట్టి సరిపోయింది. మామగారికి మమ్మీ అంగీ నచ్చలేదు, ‘ఇంట్లో లుంగీకి, దీనికి తేడా ఏముంది’ అంటున్నారు. వేరే ఏదైనా?

చలిపులి_చికాగో
అదృశ్య మనిషి. 1933 సినిమా. ముఖమంతా కట్లు, నల్ల కళ్లద్దాలు, టోపీ, చేతి తొడుగులు, ఇంట్లో వేసుకునే పొడుగు గౌను. ముక్కు నుంచి కాలి దాకా వెచ్చగా ఉండే వేషం ఇదొక్కటే. రంగు పూసే పని కూడా లేదు. క్లాడ్ రెయిన్స్ ముఖం చివరి క్షణాల్లో తప్ప ఆ సినిమాలో కనిపించనే కనిపించదు.

కంటిపాప
పెద్దవారు, రాత్రి పూట నల్ల కళ్లద్దాలతో మెట్లు ఎక్కి దిగడం వద్దు. గుమ్మం ముందు కుర్చీ వేసి, చాక్లెట్లు పంచే పని ఆయనకు అప్పగించండి. ముఖానికి నేరుగా కట్లు చుట్టకండి, కళ్లు, నోరు తెరిచి ఉన్న నూలు ముఖతొడుగు మీద పీలికలు కుట్టండి. ఊపిరి ఆడుతుంది, ఒక్క లాగుతో ఊడుతుంది.

నూజివీడు_రసం
కూర్చోరట, పిల్లలతో తిరుగుతారట. కళ్లద్దాలకు నల్ల అద్దం తీసేసి నల్ల ఫ్రేము మాత్రం ఉంచుదామా?

కంటిపాప
అది మంచిది. వెనకవైపు మెరిసే టేపు కూడా అతికించండి. ఇంటిల్లిపాదీ నలుపు, బూడిద వేసుకుని చీకట్లో రోడ్డు దాటితే కారు నడిపేవాళ్లకు కనిపించరు.

అటకమీదిపిల్లి
అదృశ్య మనిషికి మెరిసే టేపు!

నాటకాలరాయుడు
పాశ్చాత్య భూతాల వెంట ఇంత పడుతున్నారు, 1951లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు ఎవరికీ గుర్తురాలేదా? గడ్డం, పొడుగు అంగీ. అదీ నలుపు తెలుపే.

నూజివీడు_రసం
అది చదివి మామగారు కుర్చీలోంచి లేచారు. ఇప్పుడు కట్లు వద్దట, గడ్డం కావాలట. రాయుడు గారూ, మీరే బాధ్యులు.

చెమట_డాలస్
అమెరికా వాళ్లకు ఎవరో మంత్రగాడని అర్థమవుతుంది, చాక్లెట్ ఎలాగూ వేస్తారు. చేసేయండి.

ఊరికే_చదువుతా
ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. మా అబ్బాయికి తోడేలు మనిషి వేషం, నాకూ గడ్డం అతికించే అవసరం ఉంది. 1941 సినిమాలో యాక్ జంతువు వెంట్రుకలు అతికించారని చదివాను. ఇంట్లో ఏ జిగురు వాడవచ్చు? తర్వాత ఎలా ఊడదీయాలి?

రంగులపెట్టె
నాటకాల వాళ్లు వాడే స్పిరిట్ గమ్. దానితోపాటు దాన్ని కరిగించే ద్రవం కూడా అదే దుకాణంలో కొనండి. రబ్బరు పాలు, అంటే లిక్విడ్ లేటెక్సు, వద్దు. కొందరికి పడదు, అమోనియా వాసన కూడా. ముందు రోజు మోచేతి లోపల చుక్క రాసి చూడండి, దురద పెడితే మానేయండి. ముఖం నిండా వెంట్రుకలు అవసరం లేదు, చెవుల ముందు నుంచి దవడ దాకా, కనుబొమల మధ్య అతికిస్తే చాలు, మిగతాది గోధుమ పెన్సిలుతో గీయండి. జిగురు కళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ఊడదీసేటప్పుడు లాగవద్దు, అంచు కింద ద్రవం అద్ది నిమిషం ఆగితే దానంతటదే వస్తుంది. నీటి రంగులైతే సబ్బుతో పోతాయి, నూనె రంగులైతే ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి తర్వాత సబ్బు.

ఊరికే_చదువుతా
చాలా థాంక్స్. మేమూ డాలస్ పక్కనే.

చెమట_డాలస్
అయితే ఊడదీసే ద్రవం కొనకండి.